చింతపండు బూడిద

సున్నం మీద నాకెంత నమ్మకమో ముందు చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని మీకు ఒట్టి పిచ్చిలా కనిపిస్తుంది. పిచ్చే అనుకోండి, కానీ దానికో లెక్క ఉంది.

కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చాక నన్ను చాంపియన్ రీఫ్స్ దగ్గర మిల్లులో సైనైడు తొట్ల మీద వేశారు. రాయిని మెత్తగా నూరి, నీళ్లు కలిపి, ఆ బురదలో సైనైడు పోస్తే అది బంగారాన్ని కరిగించి తనలోకి తీసుకుంటుంది. కానీ బురదలో ఆమ్లం ఉందా, సైనైడు విషవాయువై పైకి లేస్తుంది. పీల్చినవాడు ఇంటికి రాడు. అందుకని ముందు సున్నం, ఆ తరవాతే సైనైడు. గంటకోసారి తొట్టిలో ఆమ్లం సంగతి చెప్పే కాగితం ముంచి రంగు చూడడం నా పని. కాగితం నీలంగా మారితే అంతా క్షేమం. ఆకుపచ్చకి దిగితే పరుగెత్తి సున్నం వేయించాలి. పసుపు, నారింజ రంగులు ఆమ్లానివి. తొట్టి దగ్గర వాటిని నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు.

ఏళ్ల తరబడి అదే పని చేశాక నా బుర్రలో ఒక్క మాటే మిగిలింది: పులుపు చంపుతుంది, సున్నం బతికిస్తుంది.

నా భార్య మా పెద్దక్క కూతురు, బైరకూరు పిల్ల. మా వైపు మేనమామకి ఇవ్వడం మామూలే కాబట్టి పెళ్లికి ముందూ మామా అనేది, తరవాతా మామా అనే పిలిచింది. పులుపంటే ప్రాణం ఆవిడకి. చారులో చింతపండు ఒక రవ్వ తగ్గినా గిన్నె పక్కకి నెట్టి, "ఇది చారా, గిన్నె తొలిచిన నీళ్లా?" అనేది. వండింది తనే అయినా సరే, తనని తానే తిట్టుకునేది.

ఆవిడకి నలభై దాటిన కొత్తల్లో ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ఎడమ డొక్కలో నొప్పి. చివరికి బెంగుళూరు తీసుకుపోయాము. అక్కడ నరంలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఎడమ కిడ్నీ గొట్టంలో రాయి ఎన్నాళ్లుగానో అడ్డం పడి ఉందట. చిన్న చిన్న నొప్పులు వచ్చిపోతుంటే గాలి పట్టిందని అల్లం రసం తాగి ఊరుకున్నాము. ఈలోగా ఆ కిడ్నీ కుంచించుకుపోయింది.

"ఎడమదాని మీద ఆశ పెట్టుకోవద్దు. కుడిది శుభ్రంగా ఉంది. ఇక మీకున్నది ఆ ఒక్కటే అనుకోండి" అన్నాడు డాక్టరు. కన్నడాయన, తెలుగు బాగానే మాట్లాడేవాడు.

"దాంట్లోనూ రాయి పడితే సార్?"

ఆయన రాస్తున్నది ఆపాడు. పెన్నుకి మూత పెట్టాడు.

తరవాత అసలు సంగతి చెప్పాడు. ఇది యూరిక్ యాసిడ్ రాయి. మూత్రంలో ఆమ్లం ఎక్కువగా ఉంటేనే ఇది గడ్డకడుతుంది. ఆవిడకి షుగరు కూడా మొదలైంది, షుగరున్న చాలామందికి మూత్రం ఇలాగే ఉంటుంది. "కాబట్టి ఆమ్లం తగ్గించాలి. తిండి విషయంలో మీరు..." అని మొదలుపెట్టాడో లేదో, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"సార్, ఆమ్లం సంగతి నాకు వదిలెయ్యండి. నేను పొద్దున లేస్తే చేసే పనే అది."

ఆయన నవ్వి, ఒక సిరప్ రాసిచ్చి, నీళ్లు బాగా తాగమని చెప్పి, కింద తిండి గురించి చెప్పే అమ్మాయి ఉంటుంది, కలిసి పొమ్మన్నాడు. కలవలేదు. రైలుకి టైమైంది. టైము కాకపోయినా కలిసేవాణ్ణి కాదు, ఎందుకంటే అప్పటికే నా కళ్లు నెత్తికెక్కాయి. ఆ సిరప్ సీసా మీద సిట్రిక్ యాసిడ్ అని కనబడగానే నాకు ఒళ్లు మండింది. ఆమ్లం తగ్గించమంటే ఆమ్లమే రాసిస్తాడా? సీసా తీసుకుపోయి అటక మీద పెట్టాను.

ఆ రోజు నుంచి గనివాళ్లు మాకిచ్చిన లైను ఇంట్లో నా రాజ్యం మొదలైంది. చింతపండు డబ్బా పక్కింటికి ఇచ్చేశాను. నిమ్మకాయ, టమోటా, మామిడికాయ, పెరుగు, అన్నీ బంద్. కోలారు జిల్లాలో టమోటా లేకుండా వండడమంటే ఎలాగో మీరే ఊహించుకోండి. వాటి బదులు పులుపు లేనివన్నీ తెచ్చాను. రోజుకి రెండు గుడ్లు, వారానికి మూడుసార్లు వేటమాంసం, తెల్లన్నం, చప్పటి పప్పు. పులుపు లేదు కాబట్టి మంచిదే అని నా లెక్క. పైగా నీరసంగా ఉన్న మనిషికి బలమైన తిండి పెడుతున్నానని గర్వం కూడా. వీటన్నిటి మీదా నా సొంత వైద్యం ఒకటి: తాంబూలం సున్నం నీళ్లలో కలిపి, పైన తేరిన తేట ఆవిడ తాగే చెంబులో పోసేవాణ్ణి.

మిల్లు నుంచి జేబులో కాసిని కాగితాలు తెచ్చుకునేవాణ్ణి. సర్కారు కాగితాలే, ఒప్పుకుంటున్నాను. పొద్దునే ఆవిడ గ్లాసులో పట్టిచ్చిన మూత్రంలో ముంచి రంగు చూసేవాణ్ణి.

"ఇది గూడా నీ తొట్టేనా మామా?" అని నవ్వేది మొదట్లో.

"తొట్టి అయ్యుంటే ఈ పాటికి నువ్వూ నేనూ ఇద్దరం పోయుండేవాళ్లం. చూడు, నారింజ రంగు!"

మర్నాడూ నారింజే. ఆ మర్నాడూ అంతే. నేను సున్నపు తేట ఇంకొంచెం పెంచాను. నాలిక పొక్కింది పాపం, ఉప్పు తగిలితే కళ్లమ్మట నీళ్లు పెట్టుకునేది. అయినా కాగితం నారింజ రంగు వదల్లేదు. తొట్టిలో అయితే పది నిమిషాల్లో తేలేది, మనిషిలో నెల తిరిగినా తేలకపోవడం నాకు పరువు తక్కువ పనిలా అనిపించింది.

రెండో నెలలో బైరకూరు నుంచి మా పెద్దక్క కబురు పంపింది. వాళ్లు పట్టుపురుగులు పెంచేవాళ్లు. పురుగులు గూడు కట్టే ముందు వారం రోజులు వాటి ఆకలి చెప్పనలవి కాదు, రేయింబవళ్లు మల్బరీ ఆకు వేస్తూనే ఉండాలి. ఇంట్లోవాళ్ల చేతులు చాలవు. నా భార్య పోయి వారం ఉండి వచ్చింది. వచ్చిన మర్నాడు కాగితం ముంచాను. ఆకుపచ్చ!

ఎగిరి గంతేశాను. సున్నం ఇన్నాళ్లకి పనిచేసిందనుకుని వీధిలో ఉన్నవాళ్లందరికీ చెప్పుకున్నాను. నాలుగో రోజుకి పసుపు, ఆరో రోజుకి మళ్లీ నారింజ. నా మొహం చూసి ఆవిడే జాలిపడింది.

ఇంకో పంట పురుగులకి మళ్లీ పోయింది. మళ్లీ అదే తంతు. వచ్చిన రోజు ఆకుపచ్చ, వారం తిరగ్గానే నారింజ. ఇక నాకు నిద్ర పట్టలేదు. బైరకూరులో ఏముంది? నీళ్లా? ఐదు లీటర్ల క్యాను పట్టుకుని ములబాగిలులో బస్సు మారి పోయి, మా అక్క వాళ్ల బోరు నీళ్లు తెచ్చాను. ముందు కాగితం ముంచితే మామూలు నీళ్లే. అయినా మూడు రోజులు అవే తాగించాను. ఏమీ మారలేదు. పొలంలో నడకా? ఇక్కడ సాయంత్రాలు మిల్లు బురద పోసిన దిబ్బల దాకా నడిపించాను. కాళ్ల నొప్పులు వచ్చాయి తప్ప రంగు మారలేదు.

మూడోసారి సెలవు పెట్టి నేనూ వెంట పోయాను. అప్పుడు ఎండాకాలం. మొదటిపూట భోజనానికి కూర్చున్నాను. రాగిముద్ద, చింతచిగురు పప్పు, ఏవో నాలుగు రకాల ఆకులు ఉడికించి వార్చిన బస్సారు, టమోటా గొజ్జు, పక్కన ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు. నా భార్య నా వైపు చూడకుండా గబగబా తింటోంది.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. "అక్కా! దీన్ని చంపేస్తావా? ఉండేది ఒక్క కిడ్నీ! పులుపు తాకగూడదని ఎన్ని తూర్లు చెప్పినాను?"

మా అక్క ముద్ద తెడ్డు చేతిలో పట్టుకునే నా మీదికి వచ్చింది. "నువ్వు దాన్ని బతికిస్తా ఉండావా? దాని మొగం చూడరా! యాడన్నా రవ్వంత కళ ఉండాదా? నాలిక చూసినావా? సున్నం తాపేదానికి అదేమన్నా గోడా?"

"మాంసం గుడ్లూ పెడతా ఉండాను. నువ్వు ఆకూ అలమూ..."

"ఇంగ ఊరుకో. పురుగులు గూడు కట్టేదాకా ఈ గడపలోకి నీసు రాదు. గుడ్డు గూడా రాదు. నా పెళ్లయిన కాడ్నించీ ఇదే. కావల్సింటే తిను, లేదంటే లే."

ఆ ఇంటి ఆచారం అది. నీసు కంపుకి పురుగులు చెడతాయని వాళ్ల భయం. నిజమో కాదో నాకు తెలియదు. అలిగి అరుగు మీద కూర్చున్నాను, కానీ ఆకలి అలకని ఎంతసేపు ఆగనిస్తుంది? వచ్చి తిన్నాను. నాలుగు రోజులు అదే తిన్నాను. ఐదో రోజు పొద్దున ఆవిడ కాగితం ఆకుపచ్చ. ఏదో తోచి నాదీ చూసుకున్నాను. మిల్లులో ఉండగా ఒకట్రెండుసార్లు సరదాకి చూసుకుంటే నాది నారింజే ఉండేది. ఇప్పుడు ఆకుపచ్చ. సున్నం నీళ్లు నేను చుక్క ముట్టలేదు. ఒట్టు, ఆ క్షణంలో నాకు కోపం పోయి ఒళ్లంతా ఆశ్చర్యమే మిగిలింది. పుల్లటి కాయ నోట్లో పులుపే కదా! కాగితం ముంచితే ఎర్రబడుతుంది కదా! లోపలికి పోయి ఏమవుతోంది?

మిల్లు పక్కనే అస్సే గది ఉండేది. తవ్విన రాయిలో బంగారం ఎంతుందో అక్కడ చిన్న కొలిమిలో కాల్చి తేలుస్తారు. మాకు వచ్చిన దారి ఒక్కటే, ఏ వస్తువు గుట్టు తెలియాలన్నా కాల్చి మిగిలింది చూడడం. అక్కడి పెద్దాయన తమిళాయన, నాకంటే పదేళ్లు పెద్ద. మధ్యాహ్నం భోజనం వేళ మట్టి మూసల్లో నా సరుకు పట్టుకుపోయాను: చింతపండు, ఎండిన నిమ్మకాయ, బియ్యం, ఉడికిన గుడ్డు పచ్చసొన, వేటమాంసం.

"ఎన్నప్పా ఇదు? సమయలా?" అన్నాడాయన. ఇక్కడేమన్నా వంటా అని. నా భార్య సంగతి చెప్పాక కొలిమి తలుపు తీశాడు. పచ్చసొన అంటుకోగానే లేచిన కంపుకి ఇద్దరం ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తాము. ఆ సాయంత్రం దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు, కానీ అన్నీ తెల్లబడేదాకా కాల్చిపెట్టాడు.

చల్లారాక ఒక్కొక్క బూడిదలో రెండు చుక్కలు నీళ్లు పోసి కాగితం పెట్టాను. చింతపండు బూడిదకి కాగితం ముదురు నీలమైంది. సున్నానికి వచ్చినట్టే! నిమ్మకాయకీ అంతే. బియ్యం బూడిదకి పసుపు. పచ్చసొన బూడిదకి నారింజ, సరిగ్గా మా ఇంట్లో రోజూ చూసే రంగు. మాంసం ఒక్కటే ఎటూ తేలలేదు. ఆ కాగితాలు వరసగా పరిచిపెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. చిన్నప్పుడు మా ఇంట్లో గిన్నెలు చింతకట్టెల బూడిదతోనే తోమేవాళ్లు, చాకలి బట్టలకీ అదే. బూడిద క్షారమని నాకు తెలుసు. కానీ పండు పులుపు దాకా ఆ తెలివి పోలేదు.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఇన్ని నెలలు ఆవిడకి పట్టుబట్టి పెట్టింది పచ్చసొన.

మర్నాడే బెంగుళూరు పోయాము. ఈసారి ముందు అంతా నేనే చెప్పేశాను, అటక మీది సీసాతో సహా. డాక్టరు కోప్పడతాడనుకున్నాను. సున్నపు తేట దగ్గర మాత్రం గట్టిగానే కోప్పడ్డాడు, మూసల దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు.

"నిమ్మకాయలో పులుపూ, ఆ సిరప్‌లో పులుపూ ఒంట్లో మండిపోతాయయ్యా, నీ కొలిమిలో మండినట్టే. మిగిలేది క్షారం. కూరలూ పండ్లూ ఎక్కువ భాగం అంతే. మాంసం, గుడ్డు, చేప నోటికి పుల్లగా ఉండవు కానీ వాటిలో గంధకం ఉంటుంది, భాస్వరం ఉంటుంది. అవి లోపల ఆమ్లమవుతాయి. ధాన్యాలూ కాస్త అటువైపే."

"మరి మాంసం బూడిద ఎందుకు తేలలేదు సార్?"

"మీ గని రాయిలో గంధకం కాలిస్తే ఏమవుతుంది?"

"పొగై పోతుంది."

"ఒంట్లో పొగ గొట్టం లేదు. ఆ గంధకపు ఆమ్లమంతా కిడ్నీయే బయటికి పంపాలి."

నెత్తురు మాత్రం మారదట. ఊపిరితిత్తులూ కిడ్నీలూ దాన్ని ఒకే తీరున నిలబెడతాయి, కాగితానికి తెలిసేది ఆ చాకిరీ ఒక్కటే. ఆ చాకిరీ ఏళ్ల తరబడి ఎక్కువైతే ఎముకల్లోని సున్నం కూడా కొంత కరుగుతుందని ఆయన అనుమానం. అప్పటి నుంచీ ఇలాంటి మాట ఎక్కడ కనబడినా చదువుతాను. ఆమ్లం మిగిల్చే తిండి ఎక్కువ తినేవాళ్లలో షుగరు, రక్తపోటు, కిడ్నీ జబ్బు ఎక్కువగా కనబడుతున్నాయని రాస్తున్నారు. ఒకదానివల్లే ఇంకొకటి వస్తోందా, లేక ఆకుకూరలు తినేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటారా, ఆ తగువు ఇంకా తీరలేదు. కిడ్నీ బాగా చెడినవాళ్లకి ఇదే కూరలూ పండ్లూ చేటు చేయవచ్చని కూడా ఆ రోజే చెప్పాడు, కాబట్టి నన్ను చూసి ఎవరూ సొంత వైద్యానికి దిగకండి. నేను దిగినంత చాలు.

ఇవన్నీ అడిగేశాక రంగు మందు ఎక్కించి మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఫిలిం వెలుతురుకి పట్టి డాక్టరు వేలు పెట్టి చూపించాడు. కుడి కిడ్నీలో, తెల్లటి రంగు మందు మధ్యలో, శనగబద్దంత నల్లటి ఖాళీ. కొత్త రాయి.

మొదటిసారి ఆ కిడ్నీ శుభ్రంగా ఉంది. నేనూ చూశాను ఆ ఫిలిం. ఈ రాయి నేను పెట్టిందే. ఆసుపత్రి వసారాలో గోడకి తల ఆనించి ఏడ్చాను, సిగ్గుపడలేదు.

"ఇలాంటి రాయికి ఒక మంచి గుణం ఉంది, మూత్రంలో ఆమ్లం తగ్గితే కరుగుతుంది. ఆ సిరప్ తాగించు, నేను చెప్పిన తిండి పెట్టించు. కానీ కరిగేలోపు అది జారి అడ్డం పడితే వెంటనే తీసుకురా, గంట ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు డాక్టరు.

అటక మీది సీసా నేనే దించాను. పక్కింటికి పోయి చింతపండు డబ్బా అడిగి తెచ్చుకున్నాను. ఆవిడ పొయ్యి దగ్గరికి నేను మళ్లీ పోలేదు. ఏం వండినా సరే. మూడు నెలల పాటు ఆవిడ నడుం పట్టుకుందంటే నా ప్రాణం పోయేది, డ్యూటీలో ఉంటే ఇంటి నుంచి ఎవరైనా వస్తున్నారేమో అని గేటు వైపే చూసేవాణ్ణి. కాగితం పసుపు నుంచి ఆకుపచ్చకి వచ్చింది, అక్కడే నిలిచింది. అయినా నాకు ధైర్యం రాలేదు. కాగితం మాట నమ్మి ఒకసారి వీధంతా చాటింపు వేసినవాణ్ణి కదా.

మూడు నెలల తరవాత మళ్లీ ఫిలిం. డాక్టరు చాలాసేపు చూసి, నా చేతికిచ్చి, "నువ్వే వెతుకు" అన్నాడు. వెతికాను. కుడి కిడ్నీ నిండా తెల్లగా ఉంది. నల్లటి ఖాళీ ఎక్కడా లేదు. ఫిలిం తిరగేసి మళ్లీ వెతికాను. నా భార్య మాత్రం, "అయితే పోదామా మామా, రైలుంటాది గదా" అంది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. సంతోషం పట్టలేక నేనేదేదో మాట్లాడుతున్నాను. బంగారపేట దగ్గర పడుతుండగా అడిగాను, కొంచెం దబాయింపుగానే.

"అవునే, మీ అమ్మ కాడ ఉన్నప్పుడు నీకు ఒళ్లు తేలిగ్గా ఉండేది గదా. పులుపు తింటేనే బాగుండాదని ఒక్క తూరన్నా నాకు చెప్పకూడదా?"

"చెప్పినాను మామా."

"ఎప్పుడు?"

"రెండు తూర్లు చెప్పినాను. నువ్వు కాగితం చూస్తా ఉంటివి."

కోపంగా అనలేదు. బయటికి చూస్తూ మామూలుగా అనేసి, కొంగులో మూట గట్టుకున్న వేరుశనక్కాయలు విప్పి సగం నా చేతిలో పోసింది. నాకు ఆ కాగితాల రంగులు ఈ రోజుకీ ఒక్కొక్కటిగా గుర్తున్నాయి. ఆవిడ చెప్పిన ఆ రెండు సార్లూ ఎంత వెతికినా గుర్తుకు రావడం లేదు.